ఓడెక్కని తాతమ్మ

పోయిన ఆదివారం మా అబ్బాయి టీవీలో ఒక ఇంగ్లీషు సినిమా పెట్టాడు. తెలుగు డబ్బింగే. అందులో ప్రపంచమంతా నాశనమైపోయి ఉంటుంది. ఊళ్ళు ఖాళీ, కొట్లు ఖాళీ, రోడ్ల మీద వదిలేసిన కార్లు. ఒక అమ్మా నాన్నా పిల్లల్ని పట్టుకుని, మూటలు మోసుకుంటూ, ఎక్కడికో తెలియకుండా నడుస్తూ ఉంటారు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ సగం సగం చూస్తున్నాను.

"ఇలా నిజంగా ఎవరికైనా జరుగుతుందా అమ్మా?" అన్నాడు వాడు.

"జరిగింది. మా అమ్మమ్మకి. పదమూడేళ్ళప్పుడు" అన్నాను.

వాడు టీవీ సౌండు తగ్గించాడు. ఆ రోజు వాడికి చెప్పిన కథే ఇది. చెప్తూంటే, ఇన్నేళ్ళుగా మా ఇంట్లో దాన్ని తప్పుగా చెప్పుకున్నామని నాకే మళ్ళీ గుర్తొచ్చింది. అందుకే రాస్తున్నాను.

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు పాతవాళ్ళు 'రంగం' అంటారు. 'మా తాత రంగం ఎల్లాడు', 'రంగం పెట్టె', 'రంగం డబ్బు' అని. చిన్నప్పుడు నేను రంగం అంటే ఏదో నాటకాల స్టేజీ అనుకునేదాన్ని. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు కూడా ఆ మాట వెనకాల ఒక దేశం ఉందని ఎవరూ చెప్పలేదు. రంగం అంటే రంగూన్. అప్పటి బర్మా రాజధాని.

ఇక్కడి జనం అంత దూరం ఎందుకు వెళ్ళారంటే, కడుపు కోసం. 1866లో ఒరిస్సాతో పాటు గంజాం జిల్లాని కూడా ఊడ్చేసిన పెద్ద కరువు వచ్చింది. అప్పటికి శ్రీకాకుళం, టెక్కలి అన్నీ ఆ గంజాంలోనే. ఆ తర్వాత కూడా వానలు మొహం చాటేసిన ఏడల్లా జనం రేవుల వైపు నడిచారు. అటు బర్మాలో ఇంగ్లీషువాళ్ళు అడవులు కొట్టించి వరి వేయిస్తున్నారు. కోతలకి, బియ్యం మిల్లులకి, రేవులో బస్తాలు మోయడానికి మనుషులు కావాలి. మేస్త్రీలు ఊళ్ళోకొచ్చి అడ్వాన్సులిచ్చి జట్లు జట్లుగా తీసుకెళ్ళేవారు. ఆ అడ్వాన్సు తర్వాత కూలిలోంచి కోసుకునేవారు. గోపాలపూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలు. లోపల గదులు దొరల కోసం, పైన డెక్కు మీద ఎండా వానా మనవాళ్ళకి. కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్ళందరినీ అక్కడ 'కొరంగీలు' అనేవారట.

1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో 10 లక్షల మంది భారతీయులున్నారు. అందులో తెలుగువాళ్ళు లక్షన్నర దాకా. రంగూన్ నగర జనాభా 4 లక్షలైతే అందులో సగానికి పైగా మన దేశం వాళ్ళే. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. నాలుగేళ్ళు పనిచేసి, పెట్టె నింపుకుని తిరిగొచ్చేవారు. ఆడవాళ్ళని తీసుకెళ్ళిన కుటుంబాలు తక్కువ. అలాంటి తక్కువ కుటుంబాల్లో మా అమ్మమ్మ వాళ్ళది ఒకటి. ముత్తాత రేవులో పని. తాతమ్మ, అంటే అమ్మమ్మ వాళ్ళమ్మ, రేవు కూలీలకి సోలకింత అని వంట చేసి పెట్టేది. పిల్లలు ముగ్గురు. మా అమ్మమ్మ పెద్దది, తర్వాత ఎనిమిదేళ్ళ తమ్ముడు, ఆ తర్వాత రెండేళ్ళ చిన్నవాడు.

అది సుఖమైన కాపురం కాదు. 1930 మే నెలలో రేవు పనుల దగ్గర తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ పెద్ద గొడవలు జరిగాయి. కూలి పెంచమని మనవాళ్ళు సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరగానే వాళ్ళని పొమ్మన్నాయి. కడుపు మండిన ఇద్దరు పేదవాళ్ళు కొట్టుకున్నారు. వంద మందికి పైగా పోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ భయం మిగిలే ఉంది. అయినా అది వాళ్ళకి ఊరు. బియ్యం దొరికే ఊరు.

1941 డిసెంబరు 23, మంగళవారం. ఆ పగలు ఆ ఊరు అయిపోయింది.

జపాన్ విమానాలు వస్తుంటే జనం దాక్కోలేదు, వీధుల్లోకి వచ్చి తలెత్తి చూశారు. అంతకుముందు ఎప్పుడూ చూడలేదు కదా. ఆ ఒక్కరోజే 2 వేల మంది దాకా పోయారని అంచనా. రేవులో పనిచేసేవాళ్ళు చాలామంది. రెండు రోజులకి, క్రిస్మస్ నాడు, మళ్ళీ వేశారు. మర్నాటి నుంచి నగరం నడక మొదలుపెట్టింది. వంటవాళ్ళు, చాకళ్ళు, మంగళ్ళు, పాకీపనివాళ్ళు, రిక్షావాళ్ళు, రేవు కూలీలు, అందరూ ఉత్తరంగా ప్రోమ్ రోడ్డు పట్టారు. అంతమంది ఒక్కసారి వెళ్ళిపోయేసరికి వీధులు ఊడ్చేవాళ్ళు లేరు, ఓడల్లోంచి సరుకు దించేవాళ్ళు లేరు. అప్పుడు తెలిసింది ప్రభుత్వానికి, ఆ ఊరు ఎవరి భుజాల మీద నడుస్తోందో.

కాబట్టి వెనక్కి రప్పించారు. భయం లేదు, పనికి రండి, తిండి పెడతాం, రక్షణ ఇస్తాం అన్నారు. చాలామంది నమ్మి తిరిగొచ్చారు. మా ముత్తాత వాళ్ళూ తిరిగొచ్చారు.

ఇక్కడే మా ఇంటి కథలో అసలు ముడి ఉంది.

జనవరిలో ఓడలు ఇంకా నడుస్తున్నాయి. ముత్తాత పనిచేసే మేస్త్రీ ఒకరోజు వచ్చి, ఆడవాళ్ళకీ పిల్లలకీ డెక్కు టికెట్లు చూస్తానన్నాడట. తాతమ్మ మొగుడి వైపు చూసి, "ఆయన్నొగ్గేసి నానెల్లను" అందట. అంతే. ఓడ వెళ్ళిపోయింది. ఫిబ్రవరిలో వాళ్ళు అయిదుగురూ నడిచి బయల్దేరారు. దారిలో చిన్నవాడు పోయాడు.

ఊరికొచ్చాక అత్తవారి వైపు వాళ్ళు తాతమ్మని ఒక మాట అన్నారు. "మొగుణ్ణొదల్లేక బిడ్డనొదులుకుంది." ఆ మాట ఆవిడ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉంది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, ఎవరికి కోపమొచ్చినా బయటికొచ్చేది. మా అమ్మ కూడా చిన్నప్పుడు విన్నదట. తాతమ్మ తిరిగి ఒక్క మాట అనేది కాదు. ముత్తాత కూడా ఏమీ అనేవాడు కాదు.

ఇప్పుడు ఆ నడక సంగతి చెప్పాలి.

వాళ్ళు బయల్దేరేసరికి రంగూన్ ఊరిలా లేదు. జపాన్ సైన్యం దగ్గరికొచ్చేసింది. జైలు తలుపులు, పిచ్చాసుపత్రి తలుపులు తెరిచేశారు. జూలో క్రూరమృగాల్ని కాల్చేశారు. కొట్లు దోచుకున్నారు. మార్చి 8న రంగూన్ జపాన్ వాళ్ళ చేతికి వెళ్ళింది. అప్పటికి మావాళ్ళు ప్రోమ్ దాటి, ఇరావతి నది దాటి, కొండల్లో ఉన్నారు. అక్కడి నుంచి సముద్రం ఒడ్డున ఉన్న టౌంగప్ అనే ఊరికి 110 మైళ్ళు. అరకాన్ కొండల మీదుగా బండి దారి లాంటిది ఒకటి. లక్షకి పైగా జనం ఆ దారినే వచ్చారు.

"నీల్లున్న కాడ బియ్యం లేవు, బియ్యమున్న కాడ నీల్లు లేవు. రెండూ ఉన్న కాడ సచ్చిపోయినోల్లున్నారు" అనేది అమ్మమ్మ.

తాతమ్మ మోసింది ఏమిటో అమ్మమ్మ వేళ్ళు మడిచి చెప్పేది. వేయించిన బియ్యం, ఉప్పు, చింతపండు, ఒక సత్తు గిన్నె, అగ్గిపెట్టెలు నూనెగుడ్డలో చుట్టి, రెండు చీరలు. బంగారం ఏమీ లేదు, ఉన్న ఇత్తడి బిందె నది దాటించిన పడవవాడికి పోయింది. చీకటి పడ్డాక ఎనిమిదేళ్ళవాడి మొలకి ఒక చీర కొస కట్టి, రెండో కొస అమ్మమ్మ చేతికి చుట్టేది. జనంలో తప్పిపోయిన పిల్లలు దొరకలేదు మరి. తిండి వేళకి ముందు నడిచేవాళ్ళకి, అంటే మొగుడికి, పెద్ద పిల్లకి పెట్టేది. తర్వాత చిన్నవాళ్ళకి. ఆఖరున తను. ఇంట్లో ఎప్పుడూ పిల్లలకి ముందు పెట్టే మనిషి, దారిలో ఆ వరస మార్చింది. మోసేవాళ్ళు పడిపోతే మోయించుకునేవాళ్ళు మిగలరని ఆవిడకి ఎవరు చెప్పారో నాకు తెలీదు.

అందరూ శత్రువులే కాదు. కొండల మొదట్లో ఒక బర్మా ఇల్లాలు రోజూ ఇంటి ముందు కుండల్లో నీళ్ళు పెట్టి ఉంచిందట, దారినపోయేవాళ్ళ కోసం. అలా పెట్టడం అక్కడివాళ్ళకి పుణ్యం. లక్షమంది నడిచే దారిలో ఆవిడ ఎన్ని కుండలు నింపి ఉంటుందో. అమ్మమ్మ తన జీవితమంతా వేసవిలో వీధి గుమ్మం ముందు కుండతో నీళ్ళు పెట్టేది. అదెందుకో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ దారిలో అన్నిటికంటే ఎక్కువమందిని తీసుకుపోయింది కలరా. తాతమ్మ రాత్రి మజిలీలో నీళ్ళు కాచి పోసేది. ఒకరోజు పగలు పుల్ల దొరకలేదు, పిల్లాడు దాహం దాహం అని ఏడ్చాడు, వాగులో నీళ్ళు పట్టింది. మర్నాడు రాత్రికి వాడు లేడు. పూడ్చడానికి పార లేదు. ముత్తాత రాళ్ళు పేర్చాడట. తెల్లారి మళ్ళీ నడిచారు. టౌంగప్ దగ్గర పడవలు ఉంటాయి, జాప్యమైతే దొరకవు అన్నారు కాబట్టి.

టౌంగప్ నుంచి పడవ మీద ఆక్యాబ్, అక్కడి నుంచి చిట్టగాంగ్, రైలు, స్టీమరు, మళ్ళీ రైలు మీద కలకత్తా, హౌరా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్లో ఇప్పటి ఆమదాలవలస. అప్పుడు ఆ స్టేషన్ పేరు చికాకోల్ రోడ్. మార్చి నెలాఖరుకి ఊరు చేరారు. ఊరి పెద్దలు కలరా భయంతో వెంటనే ఇంట్లోకి రానివ్వలేదు. ఊరి బయట కళ్ళంలో పది రోజులు పడుకోబెట్టారు. అత్తగారు చోడి అంబలి తెచ్చి దూరంగా పెట్టి వెళ్ళేది.

ఆ కళ్ళంలో ఉండగానే, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. పోయినవాళ్ళు కొద్దిమందే గానీ, భయానికి విశాఖ ఖాళీ అయింది. బళ్ళ మీద, రైళ్ళలో, కాలినడకన జనం పల్లెలకి వచ్చేశారు. అప్పటిదాకా తాతమ్మని దూరం నుంచి చూసిన ఆడవాళ్ళే వచ్చి, ఇంతమందికి నీళ్ళెలా, తిండెలా అని అడిగారట. పెద్ద గాబులో నీళ్ళు కాయించింది. పిల్లల మొలకి తాళ్ళు కట్టించింది. మూట ఎంత బరువుండాలో తూచి చూపించింది. నెల తిరక్కుండానే మళ్ళీ అదే మాట. "మొగుణ్ణొదల్లేక..."

ఈ కథ నేను కూడా అలాగే నమ్మాను. తాతమ్మ ప్రేమ కోసం తప్పు చేసింది, పాపం, అనుకునేదాన్ని. అది కూడా నింద వేయడమేనని నాకు తోచలేదు.

కొన్నేళ్ళ క్రితం అమితావ్ ఘోష్ రాసిన 'గ్లాస్ ప్యాలెస్' నవల చదివాను. అందులో ఈ నడక వస్తుంది. అప్పుడు మొదటిసారి, ఇది మా ఇంటి కథే కాదు, చరిత్ర అని తట్టింది. తర్వాత వెతికి చదువుకుంటూ పోతే, హ్యూ టింకర్ అనే చరిత్రకారుడు 1975లో ఇదే నడక మీద రాసిన వ్యాసం సంగతి తెలిసింది. 1942లో బర్మా నుంచి భారతదేశానికి వచ్చినవాళ్ళు సుమారు 5 లక్షలు. దారిలో పోయినవాళ్ళు ఎందరో ఎవరూ లెక్కపెట్టలేదు. 10 వేల నుంచి 50 వేల దాకా అని టింకర్ అంచనా, ఇంకా ఎక్కువ చెప్పినవాళ్ళూ ఉన్నారు.

అందులోనే మా తాతమ్మ కథకి సంబంధించిన ముక్క దొరికింది. ఆ జనవరిలో భారతీయ మగవాళ్ళకి డెక్కు టికెట్లు ఇవ్వకుండా ఆంక్ష పెట్టారు. కూలీలు వెళ్ళిపోతే రేవు ఆగిపోతుంది, యుద్ధానికి వచ్చే సరుకు దిగదు. అందుకని. పైతరగతి టికెట్టు కొనగలిగినవాళ్ళు కుటుంబంతో ఓడెక్కారు. డెక్కు టికెట్టుకే డబ్బులు చూసుకునేవాళ్ళకి రెండే దారులు. మగవాణ్ణి బాంబుల కింద వదిలేసి ఆడవాళ్ళు, పిల్లలు వెళ్ళడం, లేదా అందరూ ఆగిపోవడం.

నడిచే దారుల్లో కూడా తేడాలున్నాయి. ఉత్తరాన మణిపూర్ మీదుగా వచ్చే దారిలో తెల్లవాళ్ళకి ఒక బాట, మనవాళ్ళకి ఇంకో బాట అన్న విషయం మీద అప్పుడే దేశంలో గొడవైంది. గాంధీగారు 'హరిజన్' పత్రికలో రాశారు. ఆ దారిలో అస్సాం టీ తోటలవాళ్ళు మజిలీలు వేసి గంజీ, టీ పోయబట్టి ఎన్నో ప్రాణాలు నిలిచాయి. మావాళ్ళు వచ్చిన టౌంగప్ దారిలో అలాంటివి చాలా తక్కువ.

అంటే ఆ రోజు మేస్త్రీ వచ్చి అడిగినప్పుడు, తాతమ్మ ముందు ఉన్న ప్రశ్న 'మొగుడా, బిడ్డా' కాదు. అలా కనపడేటట్టు ఎవరో ఎక్కడో ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఆవిడకి ఊళ్ళో చుట్టాలు లేరు, చదువు లేదు, ముగ్గురు పిల్లలతో ఒంటరిగా ఓడ దిగితే ఏం పెట్టాలో తెలీదు, వెనక మొగుడు బతుకుతాడో లేదో తెలీదు. మా ఇల్లు ఎనభై ఏళ్ళు ఆవిడని ప్రశ్న అడిగింది. ఆ కాగితాన్ని ఎవరూ అడగలేదు.

నాకు ఇంకా మింగుడుపడనిది ఒకటుంది. ముత్తాత. రేవులో పనిచేసేవాడు, తనకి టికెట్టు ఎందుకివ్వలేదో ఆయనకి తెలియకుండా ఉండదు. "నన్ను రానివ్వలేదురా, అందుకే అది ఆగింది" అని ఒక్కసారి పెరట్లో నిలబడి అనుంటే సరిపోయేది. అనలేదు. సిగ్గో, దుఃఖమో. బిడ్డని రాళ్ళ కింద పెట్టిన మనిషి కదా, నేను ఆయన్ని తిట్టలేను. కానీ ఇళ్ళల్లో ఇలాగే జరుగుతుంది. బయట ఎవరో చేసిన అన్యాయం ఇంట్లోకి వచ్చేసరికి ఆడదాని తప్పుగా మారిపోతుంది, తెలిసినవాడు నోరు మూసుకుంటే అది అలాగే నిలిచిపోతుంది.

బర్మా కథ అక్కడితో ఆగలేదు. యుద్ధం అయ్యాక కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో కొట్లు, వ్యాపారాలు జాతీయం చేసి, పెద్ద నోట్లు రద్దు చేసింది. మళ్ళీ ఓడల నిండా జనం తిరిగొచ్చారు. విశాఖలో కంచరపాలెం వైపు వెళ్తే 'బర్మా క్యాంప్' అనే పేరు ఇప్పటికీ వినపడుతుంది. ఆటోవాళ్ళు రోజూ ఆ పేరు అరుస్తారు. ఎక్కేవాళ్ళలో ఎందరికి తెలుసో.

సినిమాలో ప్రపంచం అంతమైతే ఒక హీరో తుపాకీ పట్టుకుంటాడు. మా ఇంట్లో ఒక ఆడమనిషి వేయించిన బియ్యం, ఉప్పు, చీర కొస పట్టుకుంది. అయిదుగురిలో నలుగురిని తెచ్చింది. మనం ఆ పోయిన ఒక్కణ్ణే లెక్కపెట్టాం.

ఇదంతా చదివి తెలుసుకున్న రోజు రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి ఇప్పుడు డెబ్బై దాటాయి. డెక్కు టికెట్ల సంగతి చెప్పాను. మగవాళ్ళని ఎక్కనివ్వలేదట అమ్మా, అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. లైను కట్టయిందేమో అనుకున్నాను.

"ఈ ముక్క మా అమ్మకి ఎవరైనా చెప్పుంటే" అంది, "ఆవిడ కూడా ఒకసారి వాళ్ళమ్మని ఆ మాట అంది. పోయేదాకా దాన్నే తలుచుకుని ఏడ్చింది."